గోడ నుంచి గడప దాకా

విశ్వవిద్యాలయం తన మాట ముందుగా గోడకు చెబుతుంది. పీజీ ప్రవేశ పరీక్ష ఎప్పుడు, పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఏ గదిలో, పరీక్ష ఫీజు ఏ రోజు దాకా, ఆలస్య రుసుముతో ఇంకెన్నాళ్లు, వచ్చే గురువారం సెమినార్ హాల్లో ఎవరి ఉపన్యాసం, ఇవన్నీ తెల్లకాగితం మీద అచ్చయి, కింద రిజిస్ట్రారో డీనో విభాగాధిపతో చేసిన సంతకంతో నోటీసు బోర్డు ఎక్కుతాయి. ఇప్పుడు అదే కాగితం వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఫోన్‌లోని గ్రూపుల్లో తిరుగుతుంది. అయినా దాని స్వభావం మారలేదు. చదివినవాళ్లకు అది చెబుతుంది. చదవనివాళ్ల సంగతి దానికి పట్టదు.

మేము ఏడుగురం. హైదరాబాద్‌లో తార్నాక, సీతాఫల్‌మండి, మాణికేశ్వర్‌నగర్ వైపు, అంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఉంటాం. మాలో ఇద్దరు పరిశోధక విద్యార్థులు, ఒక బడి టీచరమ్మ, ఒక న్యాయవాది, గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఒక నర్సు, జిరాక్స్ దుకాణం నడిపే తమ్ముడు ఉన్నారు. మా అందరిలో ఉన్న పోలిక ఒకటే. ఎవరింట్లో చూసినా కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మాలోని వారే. నాలుగేళ్లుగా మేము చేస్తున్న పని చాలా చిన్నది. క్యాంపస్‌లలో వచ్చే ప్రకటనలను తెలుగులోకి తెచ్చి, వాటి అవసరం ఉన్నవాళ్లకు చదివి వినిపిస్తాం.

వారమంతా మా పరిశోధక మిత్రులిద్దరూ తాము తిరిగిన చోటల్లా బోర్డుల మీది కాగితాలను ఫొటోలు తీసి పెడతారు. శనివారం సాయంత్రం జిరాక్స్ దుకాణంలో కూర్చుని వాటిని అందరికీ తెలిసే మాటల్లో ఒక కాగితానికి రెండు వైపులా రాస్తాం. ఆదివారం ఆ కాగితం హాస్టళ్లకు, బస్తీలోని రెండు టీకొట్లకు, ఒక క్షౌరశాలకు, అంబేడ్కర్ విగ్రహం పక్కనున్న కమ్యూనిటీ హాలుకు వెళ్తుంది. అతికించి వచ్చేయం. కాసేపు కూర్చుని చదువుతాం. అర్థం కాలేదంటే మళ్లీ చదువుతాం.

కాగితంలో మూడు భాగాలుంటాయి. చేరడానికి, డబ్బుకు, వినడానికి. మొదట్లో ఇంకా పెద్ద పెద్ద శీర్షికలు అనుకున్నాం గానీ టీకొట్టు దగ్గర నిలబడి వినే మనిషికి ఈ మూడు మాటలే తొందరగా ఎక్కాయి.

చేరడానికి అన్న భాగంలో ప్రవేశాల సంగతులు ఉంటాయి. తెలంగాణలోని పలు విశ్వవిద్యాలయాల పీజీ సీట్ల కోసం ఉస్మానియా నిర్వహించే సీపీగెట్, విభాగాల వారీగా వచ్చే పీహెచ్‌డీ ప్రకటనలు, ఏటా రెండు విడతలుగా జరిగే యూజీసీ నెట్ ఇందులోకి వస్తాయి. పని మానలేని వాళ్ల కోసం డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రకటనలు తప్పక రాస్తాం. 1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలో అలాంటి వాటిలో మొదటిది. ఉస్మానియాకు ఆనుకునే ఉన్న ఇఫ్లూలో విదేశీ భాషలకు పార్ట్‌టైమ్ తరగతులు పెడతారు. ఆ సంగతి ఆ గోడ పక్కనే ఇరవై ఏళ్లుగా కాపురముంటున్న వాళ్లకు కూడా మేము చదివేదాకా తెలియదు.

డబ్బుకు అన్న భాగం అందరూ ముందుగా అడిగేది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కొత్తదీ, రెన్యువలూ ఈ-పాస్‌లో ఎప్పుడు తెరుస్తారు, పరిశోధకులకు జాతీయ ఫెలోషిప్ దరఖాస్తు ఎప్పుడు, విదేశాల్లో చదవాలంటే కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, రాష్ట్రం ఇచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఎప్పుడు వస్తాయి, ఇవన్నీ అక్కడ రాస్తాం. ఇవేవీ నిన్న మొన్న పుట్టినవి కావు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే మొదలైంది. అప్పటికి బాబాసాహెబ్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్నారు. విదేశీ చదువుల స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల జాతీయ ఫెలోషిప్ 2005-06లో రాజీవ్‌గాంధీ పేరుతో వచ్చింది. డబ్బు ఉంది, నియమం ఉంది, ప్రకటన కూడా ఉంది. వీటికీ, అవసరమైన పిల్లకూ మధ్య ఉండాల్సిన మనిషి మాత్రం చాలాచోట్ల లేడు.

ఈ మాట ఎందుకంటున్నామో చెప్పాలి. మాలో ఉన్న పరిశోధక మిత్రుడు ఒకతను ఆదిలాబాద్ వైపు పల్లె నుంచి వచ్చాడు. చాలా ఏళ్ల కింద ఒక విశ్వవిద్యాలయంలో పీజీ ప్రవేశ పరీక్ష రాశాడు, మంచి ర్యాంకే వచ్చింది. రెండో విడత జాబితా ఒక గురువారం సాయంత్రం బోర్డులో పెట్టారు. శనివారం సాయంత్రం లోపు అసలు సర్టిఫికెట్లతో హాజరు కావాలి. ఆ మూడు రోజులూ అతను తల్లిదండ్రులతో కలిసి పత్తి ఏరుతున్నాడు. చేనులో సిగ్నల్ ఉండదు. సోమవారం తెలిసి రాత్రి బస్సెక్కి, మంగళవారం పొద్దున ఆఫీసు ముందు నిలబడ్డాడు. లోపలి నుంచి వచ్చిన జవాబు ఒకటే: "బోర్డులో పెట్టాం కదా."

అది అబద్ధం కాదు. నిజంగానే పెట్టారు. అతని ర్యాంకు కూడా నిజమే. కానీ ఆ సీటు ఇంకొకరికి వెళ్లింది. ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది అతను పత్తి చేలోనే ఉన్నాడు, చెల్లెలి ఇంటర్ ఫీజుకు చేసిన అప్పు తీర్చాడు, మళ్లీ రాశాడు. మాకు ఆ మాటే గుర్తుండిపోయింది. బోర్డులో పెట్టడం వేరు, చెప్పడం వేరు. పెట్టినవాడి బాధ్యత కాగితం గోడకు అంటుకోగానే అయిపోతుంది. చెప్పేవాడి బాధ్యత అవతలి మనిషి విన్నాక గానీ తీరదు.

అతని వల్లే మా కాగితంలో ఒక అలవాటు వచ్చింది. ప్రతి ప్రకటనకూ రెండు తేదీలు రాస్తాం. ఒకటి విశ్వవిద్యాలయం అచ్చు వేసిన చివరి తేదీ. రెండోది మేము లెక్కగట్టిన తేదీ, అంటే ఇంటి నుంచి పని మొదలుపెట్టాల్సిన రోజు. చదువుకున్న ఇళ్లలో ఈ రెండూ ఒకటే కావచ్చు. ఆ ఇంట్లో సర్టిఫికెట్లన్నీ ఒక ఫైలులో ఉంటాయి, కార్డు ఉంటుంది, కంప్యూటరు ఉంటుంది, అడగడానికి బాబాయో మేనత్తో ఉంటారు. మన ఇళ్లలో ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మీసేవకు పోవాలి. ఆ రోజు కూలి పోతుంది. దరఖాస్తు తహసీల్దారు ఆఫీసు దాకా వెళ్లి రావాలి. కుల ధ్రువీకరణలో తండ్రి పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంటే మళ్లీ మొదటికి. పాత కాలేజీలో టీసీ ఇవ్వాలంటే బాకీ ఉన్న ఫీజు కట్టమంటారు. ఇంకో విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాళ్లకు మైగ్రేషన్ కావాలి. ఇన్ని మెట్లు ఎక్కాల్సినవాళ్లకు చివరి తేదీ ఇరవై అయితే, అసలు తేదీ అయిదో ఆరో. ఆ అసలు తేదీ ఎవరూ అచ్చు వేయరు. మేము ఎర్ర సిరాతో రాస్తాం.

పెద్దాయన గ్రంథాలయంలో పనిచేసిన మనిషి కాబట్టి భాష సంగతి ఎప్పుడూ ఆయనే ఎత్తుతారు. ఉస్మానియా 1918లో ఏర్పడింది. మన దేశభాషల్లో ఒకటైన ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడం దాని ప్రత్యేకత. దానికంటే ముందే, 1917లో, పాఠ్యపుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి అనువాద సంస్థను పెట్టారు. దాన్ని దారుల్ తర్జుమా అనేవారు. అంటే తరగతి గదుల కంటే ముందు అనువాదకులు వచ్చారు. చెప్పదలచుకున్నది వినేవాడి భాషలోకి రావాలని ఆనాడు తెలిసినవాళ్లు ఉన్నారు. అయితే సంస్థానంలో చాలామంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు. ఆ పిల్లలకు ఉర్దూ కూడా నేర్చుకుని దాటాల్సిన గడపే అయింది. తర్వాత ఇంగ్లిష్ వచ్చింది. ఉన్నత విద్యకు తెలుగులో పుస్తకాలు తేవాలని 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. పుస్తకాలు వచ్చాయి, తెలుగులో పరీక్షలు రాసినవాళ్లు పెద్ద ఉద్యోగాలూ చేశారు. కానీ పుస్తకం దాకా చేర్చే కాగితం, అంటే ప్రకటన, చాలా క్యాంపస్‌లలో ఇంగ్లిష్‌లోనే ఉండిపోయింది. బోనఫైడ్, అఫిడవిట్, ప్రొవిజనల్ లాంటి మాటల దగ్గర ఆగిపోయిన పిల్లలను మేము చూశాం. తెలివి తక్కువై ఆగినవాళ్లు కారు. అవి ఏ ఆఫీసులో దొరికే కాగితాలో చెప్పేవాళ్లు లేక ఆగారు.

బాబాసాహెబ్ చదువు కథలో మేము పదేపదే చెప్పుకునే ఘట్టం ఒకటుంది. ఆయన 1907లో మెట్రిక్ పాసయ్యారు. ఆ సందర్భంగా జరిగిన అభినందన సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్రను ఆ కుర్రాడికి కానుకగా ఇచ్చారు. బొంబాయిలో చర్నీరోడ్ దగ్గరి తోటలో రోజూ సాయంత్రం ఒంటరిగా కూర్చుని చదువుకునే పిల్లవాడిగా కేలుస్కర్‌కు ఆయన అంతకుముందే తెలుసు. మన పాఠకులకు ఈ పుస్తకం సంగతి తెలిసిందే. తర్వాత జరిగినది అంతగా చెప్పుకోం. ఇంటర్మీడియట్ అయ్యాక తండ్రి రాంజీ దగ్గర ఇక డబ్బు లేదు. చదువు ఆగిపోయేలా ఉంది. అంతకు కొద్దిరోజుల ముందే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ బొంబాయి టౌన్‌హాల్లో జరిగిన సభలో, అంటరాని కులాల్లో యోగ్యుడైన విద్యార్థి ఎవరైనా ఉంటే పై చదువుకు సాయం చేస్తానని చెప్పి ఉన్నారు. ఆ మాట విన్న కేలుస్కర్ ఆ కుర్రాడిని వెంటబెట్టుకుని మహారాజు దగ్గరకు వెళ్లారు. మహారాజు కొన్ని ప్రశ్నలు అడిగారు, జవాబులు నచ్చాయి, నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చారు. బీఏ దానితో నడిచింది. 1913లో బరోడా సాయంతోనే ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

మహారాజు దాతృత్వాన్ని తక్కువ చేయడం లేదు. పరీక్షకు నిలబడ్డ కుర్రాడి మేధస్సు గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. కానీ ఈ ఇద్దరి మధ్యా ఒక మూడో మనిషి ఉన్నాడు. సభలో అన్న మాటను అక్కడే వదిలేయకుండా, అది ఎవరి కోసం అన్న మాటో ఆ మనిషిని పట్టుకుని తీసుకుపోయినవాడు. టౌన్‌హాల్లో ఆ మాట విన్నవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. నడిచి వెళ్లినవాడు ఒక బడిపంతులు. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ సంగతి ఏటా ఏప్రిల్ 14కు క్యాంపస్‌లో పోస్టర్ల మీద కనిపిస్తుంది. ఆ పోస్టరు చూసినప్పుడల్లా మా టీచరమ్మ "ఈ దారి మొదట్లో ఒక పంతులున్నాడు" అని పిల్లలకు చెబుతుంది.

ప్రకటనను మనిషి దాకా చేర్చడం అనేది మన సంప్రదాయానికి కొత్త కాదు. 7వ శతాబ్దంలో నలందాలో చదివిన చైనా యాత్రికులు ఇద్దరు అక్కడి పద్ధతులను రాసిపెట్టారు. హ్యుయాన్‌త్సాంగ్ రాసినదాన్ని బట్టి, వాదానికి వచ్చిన కొత్తవాళ్లను ద్వారం దగ్గరే కఠినమైన ప్రశ్నలు అడిగేవారు. పదిమందిలో ఏడెనిమిది మంది వెనుదిరిగేవారు. ఇది అందరూ చెప్పుకునే సంగతి. ఇత్సింగ్ రాసినది అంతగా ప్రచారంలో లేదు. నలందాలో నీటి గడియారం చూసి భేరి మోగించి పొద్దు తెలియజేసేవారు. సంఘంలో ఏదైనా వ్యవహారం వస్తే అందరూ కూడి చర్చించేవారు. తర్వాత విహారపాలుడు అక్కడ నివసించే భిక్షువుల దగ్గరకు ఒక్కొక్కరిగా వెళ్లి, చేతులు జోడించి ఆ విషయం తెలియజేసేవాడు. ఒక్కరు కాదన్నా అది నెగ్గేది కాదు.

వినయంలో ఇంకో నియమముంది. ఉపసంపద ఇచ్చేటప్పుడు ప్రతిపాదనను ఒకసారి, ఆ మీదట ప్రకటనను మూడుసార్లు సంఘానికి వినిపించాలి. మొదటిసారి వినని వాడికి రెండోసారి వినపడుతుంది, ఆలోచనలో ఉన్నవాడికి మూడోసారి. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ బాబాసాహెబ్, పార్లమెంటరీ పద్ధతులు మన భిక్షు సంఘాలకు ఎప్పుడో తెలుసని గుర్తుచేశారు. తీర్మానం, కోరం, ఓట్ల లెక్కింపు అన్నీ ఆయన చెప్పిన వాటిలో ఉన్నాయి. వీటన్నిటికీ పునాది ఒక్కటే. ముందు అందరికీ తెలియాలి. నేటి క్యాంపస్‌లకు ద్వారం దగ్గర ప్రశ్నలు అడిగేవాళ్లకు కొదవ లేదు. ప్రవేశ పరీక్షలు ఉన్నాయి, ఇంటర్వ్యూలు ఉన్నాయి, కటాఫ్‌లు ఉన్నాయి. చేతులు జోడించి గది గదికీ వెళ్లే విహారపాలుడి ఉద్యోగమే ఖాళీగా ఉంది. ఆ ఖాళీకి నోటిఫికేషన్ రాదు. కాబట్టి ఎవరికి వారు చేరిపోవచ్చు.

మూడో భాగం, వినడానికి, మాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఉపన్యాసాలు, పుస్తకావిష్కరణలు, నాటకాలు, స్మారక సభలు, బుద్ధపూర్ణిమకు జరిగే కార్యక్రమాలు ఇందులో ఉంటాయి. వీటికి ఫీజు లేదు, మార్కుల మెమో అడగరు. కరపత్రం అడుగున "అందరూ ఆహ్వానితులే" అని ఉంటుంది. ఒక ఆదివారం ఆ మాట చదువుతుంటే గేటు దగ్గర కాపలా పనిచేసే తమ్ముడొకడు అడిగాడు: "అందరంటే మేం గూడనా అన్నా?"

"మీరూనే."

"డ్రెస్సు మీద రావొచ్చా?"

"రావొచ్చు. కుర్చీ ఖాళీ ఉంటే కూర్చో, లేకుంటే మాతో పాటు వెనక నిలబడు."

అతను మొదటిసారి డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చాడు, తలుపు దగ్గర నిలబడి విన్నాడు. రెండోసారి చొక్కా మార్చుకుని వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. ఇప్పుడు ఏ హాల్లో ఏ రోజు ఏముందో మాకంటే ముందు అతనికే తెలుస్తుంది. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాడు. ఆదివారం తరగతులుంటాయి గనుక డ్యూటీలు తోటివాళ్లతో మార్చుకుంటున్నాడు.

పీహెచ్‌డీ మౌఖిక పరీక్షల తేదీలు కూడా ఈ భాగంలోనే రాస్తాం. వైవా బహిరంగంగా జరగాలన్నది యూజీసీ నియమం. విభాగం అధ్యాపకులు, తోటి పరిశోధకులు, ఆ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు వచ్చి వినవచ్చు. ఈ సంగతి తెలియక ఎందరో తల్లిదండ్రులు బిడ్డకు డాక్టరేట్ వచ్చిన రోజున ఇంట్లో ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఒకసారి మా కాగితం చూసి ఒక తండ్రి వచ్చాడు. మహబూబ్‌నగర్ జిల్లా మనిషి, వయసులో ఉండగా పాలమూరు లేబర్‌గా ఆనకట్టల పనులకు దేశమంతా తిరిగినవాడు. కూతురి పరిశోధన ఆ వలస కూలీల మీదే. గంటసేపు చేతులు కట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. చివర్లో అధ్యక్షత వహిస్తున్న ఆచార్యుడు ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నారు. పెద్దమనిషి లేచాడు.

"సార్, గుంపుమేస్త్రి అందరికి ఒక్కతీరుగ లెక్క కట్టిచ్చిండని బిడ్డ చెప్పింది. అట్ల లేదు. ఆడోళ్లకు తక్కువ ఇస్తుండె. వాళ్లమ్మను అడిగితే చెప్పేది."

గది కాసేపు నిశ్శబ్దమైంది. పరీక్షకు వచ్చిన ఆచార్యుడు కలం తీసి రాసుకున్నారు. ఆ సంగతి విచారించి గ్రంథంలో చేర్చమని అమ్మాయికి చెప్పారు. ఆమె ఆ సెలవుల్లో ఊరికి వెళ్లి తల్లితో పాటు మరి కొందరు ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగి వచ్చింది. ప్రకటన చేరాల్సిన చోటికి చేరితే విద్యార్థికి మేలు జరుగుతుందని మాత్రమే మేము అనుకునేవాళ్లం. విశ్వవిద్యాలయానికి కూడా మేలు జరుగుతుందని ఆ రోజు చూశాం.

ఈ పని గురించి మాకు వచ్చే ప్రశ్నలు రెండు. అన్నీ ఫోన్‌లో వస్తున్నాయి కదా, ఇంకా కాగితమెందుకు అన్నది ఒకటి. నిజమే, వస్తున్నాయి. రోజుకు ఎన్ని వస్తున్నాయంటే, కావాల్సినది వాటి కింద పడి కనిపించదు. దొంగ ప్రకటనలు కూడా వస్తున్నాయి. కిందటేడాది లేని స్కాలర్‌షిప్ పేరు చెప్పి దరఖాస్తుకు డబ్బు కట్టించుకునే సందేశం ఒకటి హాస్టళ్లలో తిరిగింది. అందుకే మేము బోర్డు మీదో, విశ్వవిద్యాలయం సొంత వెబ్‌సైట్‌లోనో చూడనిదేదీ కాగితంలోకి ఎక్కించం. ఎక్కడ చూశామో కూడా పక్కనే రాస్తాం. ఎవరో పంపారు, నిజమో కాదో గానీ మీకు పంపుతున్నాను అనే అలవాటు మాలో ఎవరికీ లేదు. విన్నదాన్ని విన్నట్టే నమ్మవద్దని, స్వయంగా తేల్చుకొమ్మని కాలాములకు తథాగతుడు చెప్పినది ఫోన్‌కు కూడా వర్తిస్తుంది.

ఎంతకాలం ఇలా చదివి పెడతారు, వాళ్లు మీ మీద ఆధారపడిపోరా అన్నది రెండో ప్రశ్న. ఇది మేలైన ప్రశ్న. దానికి జవాబుగా నెలకొకసారి కమ్యూనిటీ హాల్లో ఒక తరగతి పెడుతున్నాం. పాఠం ఒక్కటే, ప్రకటన చదవడం. అసలు ప్రకటనను ఇంగ్లిష్‌లో ఉన్నది ఉన్నట్టు జిరాక్స్ తీసి తలా ఒకటి ఇస్తాం. అయిదు సంగతులు వెతకమంటాం. ఇది ఎవరికి, చివరి తేదీ ఎప్పుడు, ఏయే కాగితాలు కావాలి, ఫీజు ఎంత, అందులో మనకు రాయితీ ఉందా, సందేహం వస్తే ఎవరిని అడగాలి. ఈ అయిదూ దొరికితే మిగతా నాలుగు పేజీలకు భయపడక్కర్లేదు. తర్వాత ప్రతి ఒక్కరూ తమ రెండో తేదీని తామే లెక్కగట్టాలి. ఇంటి దూరం, మీసేవ పని, కూలి రోజులు, పరీక్షలు అన్నీ కలుపుకుని వెనక్కి లెక్కపెట్టాలి. ఇంటర్ చదివే పిల్లలు దీన్ని మాకంటే వేగంగా చేస్తున్నారు. కిందటి నెల ఒకమ్మాయి మేము రాసిన ఎర్ర తేదీ తప్పని, మధ్యలో దసరా సెలవులు లెక్కలోకి తీసుకోలేదేమని, అందరి ముందు అడిగింది. తేదీని నాలుగు రోజులు వెనక్కి జరిపి, ఆ నెల కాగితం ఆమె చేతే రాయించాం.

ఈ పత్రిక చదివే మిత్రులు దేశమంతటా ఉన్నారు. మీ ఊరికి దగ్గర్లో ఏదో ఒక విశ్వవిద్యాలయం ఉంటుంది. విశాఖలో ఉన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర 1954లో, వరంగల్‌లో కాకతీయ, గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జునుడి పేరుతో ఉన్నది 1976లో వచ్చాయి. నాగ్‌పూర్‌లోనో ముంబైలోనో సూరత్‌లోనో ఉంటే అక్కడి క్యాంపస్ ఉంటుంది, దాని చుట్టూ తెలుగు కూలీల బస్తీ కూడా ఉండవచ్చు. మీ విహారంలో ఆదివారం వందన అయ్యాక పది నిమిషాలు చాలు. ఆ వారం ప్రకటనల్లో మూడు చదవండి, చేరడానికి ఒకటి, డబ్బుకు ఒకటి, వినడానికి ఒకటి. వచ్చినవాళ్లలో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ పిల్లలున్న ఇళ్లు ఏవో రాసిపెట్టుకోండి. రానివాళ్ల ఇంటికి వెళ్లి చెప్పండి. ఇందుకు సంఘం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చందా పుస్తకం అక్కర్లేదు. ఒక కలం, ఒక కాగితం, ఎర్ర సిరా ఉంటే చాలు.

మొదటి వారం ఎవరూ ఆగి వినకపోవచ్చు. మాకూ అదే జరిగింది. మూడో వారానికి టీకొట్టు ఆయనే గ్లాసులు కడుగుతూ అడిగాడు: "ఈ వారం ఏమున్నయ్ సార్? మా చిన్నోడిది ఇంటర్ అయిపోతుంది." అలా అడిగే ఒక్క మనిషి దొరికేదాకా చదవండి. ఆ తర్వాత మానేద్దామన్నా వాళ్లు మాననివ్వరు.